ఆపా డ్రమ్ములోని జిగురు

ఆదివారం పొద్దున మా ఇంట్లో బెండకాయలు కోసే డ్యూటీ నాది. వారమంతా సైట్ల మీద తిరిగే మనిషిని ఒక్క పూటైనా వంటింట్లో కూర్చోబెట్టాలని మా ఆవిడ స్వరూప వేసిన షిఫ్టు అది. మొన్నటి కాయలు మరీ లేతవి. కత్తి దిగగానే జిగురు సాగి వేళ్ళ మధ్యకు పాకింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీస్తే సన్నటి దారం. మళ్ళీ కలిపాను, మళ్ళీ విడదీశాను. బయట రేకుల మీద చినుకులు టపటపమంటున్నాయి. కత్తి ఎప్పుడు పక్కన పెట్టానో నాకే తెలియదు.

“కోస్తున్నవా, కాయలతోని ముచ్చట వెట్టినవా?” అంది స్వరూప పొయ్యి దగ్గర నుంచి.

“ఆపా యాదికొచ్చింది.”

“బెండకాయ వట్టుకుంటె ఆపా, ఉప్మా తింటె ఆపా, వాన వస్తె ఆపా. ముందే ఎరికుంటె నిన్ను ఒక్కసారి ఆమెకు చూపెట్టి, ఆమె సరే అంటెనే పెండ్లి చేసుకుందును.”

“ఆమెను అడిగితె మన పెండ్లి అయ్యేదే గాదు” అన్నాను. అబద్ధమేమీ కాదు. నన్ను ఆపా మొదటిసారి చూసిన రోజున ఎవరైనా వచ్చి ఈ పిల్లగాడు ఎలాంటివాడని అడిగి ఉంటే, ఆమె నిజమే చెప్పేది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మీరు మా మెహరున్నిసా ఆపాను చూడలేదు. చూసి ఉంటే ముందు ఆమె చేతులు చూసేవారు. పని మొదలుపెట్టే ముందు ఆకుపచ్చ గాజులన్నిటినీ మోచేతి దాకా తోసి, అవి జారకుండా రబ్బరు బ్యాండు వేసుకునేది. గోళ్ళలో ఎప్పుడూ మట్టే. అదీ ఒక రంగు కాదు, ఆ వారం ఏ సైటు మట్టి పరీక్షకు వస్తే ఆ రంగు. యాభై దాటిన మనిషి. కళ్ళజోడుకు ఒకవైపు పుల్ల విరిగితే దారం కట్టింది, కొత్తది కొనుక్కోమంటే “దారం ఇంకా తెగలేదు గదా” అనేది. చదివింది పదో తరగతి. మట్టి సంచులు మోసే పనికి చేరి, ఏళ్ళ మీద ఏళ్ళు చూసి చూసి నేర్చుకుని, కడకు ఇంజినీర్లే చేతిలో మట్టిగడ్డ పట్టుకుని వచ్చి అడిగే స్థాయికి వచ్చింది. ఇక నా చదువు సంగతి. ఎనిమిదిలో బడి మానేశాను. నేను మానలేదు, బడే తట్టుకోలేక నన్ను మానేసిందని మా నాయన అనేవాడు.

ఆపాను కలవక ముందు నేను ఓపెన్‌కాస్టు గనిలో దుమ్ము అణచడానికి రోడ్ల మీద నీళ్ళు చల్లే ట్యాంకరు నడిపేవాణ్ణి. ఏడేళ్ళు అదే పని. ఆ కాంట్రాక్టు అయిపోయాక, గోదావరిఖని అవతల కొత్త కాలనీ కడుతున్న సైటులో ట్యాంకరు డ్రైవరు కావాలంటే వెళ్ళాను. గని పెరుగుతూ పెరుగుతూ ఒక ఊరి దాకా వచ్చింది. ఆ ఊరివాళ్ళ కోసం ఈ ఇళ్ళు. ఎక్కడెక్కడి మట్టో తెచ్చి ఎత్తుగా పోసి, పైన చదును చేశారు. ఆ ఎత్తుకు ఒక పక్క పొడుగాటి వాలు. దాన్ని కట్ట అనేవాళ్ళం. గడ్డి పోచ కూడా లేని పచ్చి మట్టి. కట్ట కింద పొలాలు, అందులో మొదటిది రాజవ్వ అనే ఆమెది.

మొదటిరోజు ల్యాబుకు పొమ్మన్నారు. ల్యాబంటే రేకుల షెడ్డు. లోపల బల్ల మీద వరసగా పాత షర్బతు సీసాలు, వాటి నిండా చాయ్ రంగు నీళ్ళు. నేను ఊరుకోలేకపోయాను.

“ఆపా, ఒక చాయ్. చక్కెర తక్కువ.”

ఆమె తల ఎత్తకుండానే ఒక సీసా నా ముందుకు జరిపింది. “తాగు. నిన్న పొద్దుగాల చేసిన చాయ్. ఇయ్యాల్టి దాక ఆకు అడుగుకు దిగలే.”

నిజంగానే దిగలేదు. రోజు గడిచినా మట్టి నీళ్ళలోనే తేలుతోంది. అప్పుడామె ఇంకో సీసా తీసుకుంది. అదే మట్టి, అంతే నీళ్ళు. అందులో చెంచాడు ఏదో చిక్కటి నీళ్ళు పోసి నా చేతికిచ్చి పదిసార్లు తిప్పమంది. తిప్పి బల్ల మీద పెట్టాను. నా కళ్ళ ముందే మట్టి, పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా కూడుకుంది. ఆ ముక్కలు మంచు పడ్డట్టు కిందికి దిగాయి. రెండు బీడీలు కాల్చేంతలో పైన నీళ్ళు తేటగా, అవతల గోడ మీది క్యాలెండరు కనిపించేంతగా అయ్యాయి. గొప్ప మాట ఏదైనా అనాలనుకున్నాను గానీ నోట్లోంచి “అరె!” ఒక్కటే వచ్చింది. నన్ను నోరు మూయించిన మొదటి వస్తువు ఆ సీసా.

సంగతి ఏమిటంటే, ఆ కట్ట మట్టి చూడటానికి గట్టిది, గడ్డపార దిగదు. కానీ వాన చుక్క పడిందా, చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా విడిపోతుంది. విడిపోయిన మట్టి నీళ్ళతో పాటు కిందికి పోతుంది. ఇళ్ళు కట్టే నేలంతా అంతే, గడ్డి మొలిచేదాకా దానికి చర్మం ఉండదు. అందుకే ముందు జిప్సం చల్లాలి. దాని మీద ఆపా సీసాలో పోసిన చిక్కటి నీళ్ళు, అంటే పాలిమర్ అనే జిగురు పొడి కలిపినవి, పిచికారీ చెయ్యాలి. మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పైన పొర కడతాయి. ఆ పైన వరిగడ్డి పరచి, గడ్డి విత్తనాలు వేసుకుంటే, అవి మొలిచి వేళ్ళు పట్టేదాకా ఆ మందు కాపు కాస్తుంది. “మందు ఎల్లకాలం ఉండది తమ్మీ. గడ్డి వచ్చేదాక దాని డ్యూటీ చేస్తది, గడ్డి వచ్చినంక షిఫ్టు దిగిపోతది” అనేది ఆపా. మా నాయన గని కార్మికుడు, నాకు ఇంకే భాషలో చెప్పినా అంత జల్దీ ఎక్కేది కాదు.

ఎక్కిందని ఆమె అనుకుంది. రెండోరోజే పొడి కలపమని నన్ను డ్రమ్ము దగ్గర నిలబెట్టింది. చక్కెర లాంటి తెల్లటి పొడి, పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు. కర్రతో సుడి తిప్పుతూ చిటికెడు చిటికెడు చల్లమంది. మధ్యాహ్నం దాకా చిటికెలు చల్లుతూ కూర్చోవడానికి నేనేమన్నా ముగ్గు వేస్తున్నానా? సగం సంచీ ఒక్కసారే గుమ్మరించాను. క్షణంలో డ్రమ్ము నిండా బుడగలు బుడగలుగా ఉండలు తేలాయి, పైన జిగురు, లోపల ఎండు పొడి. ఒక వెయ్యి చేపలు కళ్ళు తెరిచి నావంక చూస్తున్నట్టుంది.

ఆపా వచ్చి చూసింది. తిట్టలేదు.

“తమ్మీ, ఎన్నడన్న ఉప్మా చేసినవా?”

“తిన్న ఆపా.”

“తిన్నవాడు గూడ చెప్పొచ్చు. రవ్వ ఒక్కసారే గుమ్మరిస్తె ఏమైతది?”

“ఉండలు కడ్తది.”

“మరి గీ పొడి నీకేం పాపం చేసింది?”

పారబోసి వస్తానన్నాను. చెయ్యి అడ్డం పెట్టింది. “పారవోసుడు ఎవ్వనికన్న వస్తది. మూత వెట్టు. నీడకు జరుపు. రోజూ పొద్దుగాల డ్యూటీకి రాంగనే ఇరవై సార్లు కలుపు.” ఎన్నాళ్ళు అని అడిగాను. “నేను సాలు అనేదాక” అంది. అది శిక్షే అనుకున్నాను. ఆ డ్రమ్ముకు అత్తమ్మ అని పేరు పెట్టాను. రోజూ పొద్దున మూత తీసి, “అత్తమ్మా, పానం మంచిగున్నదా?” అని దండం పెట్టి మరీ కలిపేవాణ్ణి. మేస్త్రీలు ఆ తమాషా చూడటానికే తొందరగా వచ్చేవారు. ఆపా మాత్రం కళ్ళజోడు పై నుంచి చూసి, “పదిహేడే అయినయి, ఇంక మూడు” అనేది.

నా ఇంకో రోగం కూడా ఆ వారమే ఆమె కనిపెట్టింది. నా ట్యాంకరులో నీళ్ళు వదిలే లివరు గేరు పక్కనే ఉంటుంది. గనిలో ఏడేళ్ళు రోడ్డు ఎక్కగానే నీళ్ళు చల్లీ చల్లీ, రెండో గేరు పడిందంటే ఎడమ చెయ్యి తనంతట తాను వెళ్ళి ఆ లివరు లాగేసేది. నాతో సంప్రదింపులుండవు. మంచి నీళ్ళతో ఒకసారి రోడ్డంతా తడిపాక ఆపా ఒక కట్టడి పెట్టింది. నింపే చోటు నుంచి బయలుదేరేముందు నేను దిగి, వెనక్కి నడిచి, ట్యాంకరు వెనక ఉన్న వాల్వును చేత్తో తిప్పి చూసి, గట్టిగా “బంద్!” అని అరవాలి. ఆమె షెడ్డులోంచి “సునా!” అంటుంది, విన్నానని. ఆ తరవాతే బండి కదలాలి. వెనక వాల్వు మూసి ఉంటే లివరు ఎన్నిసార్లు లాగినా చుక్క రాదు.

ఇది ఆమె సొంత తెలివి కాదు. వాళ్ళ నాయన పాత భూగర్భ గనిలో పనిచేసినవాడు. దిగువన చేసిన ప్రతి పనినీ నోటితో చెప్పడం, అవతలివాడు విన్నానని చెప్పడం ఆయన అలవాటు. ఇంటికొచ్చాక కూడా తలుపు గడియ వేసి “గడియ వడ్డది!” అని అరిచేవాడట, ఇంటిల్లిపాదీ “సునా!” అనాలట. నేను ఊరుకుంటానా? ఒకరోజు “బందో బందు!” అని హరికథలా పాడేవాణ్ణి, ఒకరోజు రైల్వే స్టేషనులో మైకు లాగా చెప్పేవాణ్ణి. ఆపా జవాబు మాత్రం మారేది కాదు. “సునా.”

వానలు మొదలయ్యే మిరుగం కార్తె దగ్గర పడుతుండగా ఒకరోజు రాజవ్వ ల్యాబుకు వచ్చింది. నెత్తి మీద బేసిన్. దించి బల్ల మీద పెడితే అందులో ఎండిన ఒండ్రు మట్టి. సైటు ఇంజినీరు కిరణ్ సార్ అక్కడే ఉన్నాడు. పాతికేళ్ళ పిల్లగాడు, మంచివాడు, భయమేస్తే ఫోను చెవికి పెట్టుకుంటాడు. వెంటనే పెట్టుకున్నాడు.

“గిది మీదే గదా, తీస్కోన్రి” అంది రాజవ్వ. “నిరుడు వాన కొట్టంగనే మీ కట్ట నా నారుమడిల కొచ్చి కూసున్నది. మొలక మొలకంత మన్నుల వడ్డది. మళ్ళ ఇత్తనం కొని అలికేటాళ్ళకు అదును దాటె. ఇయ్యేడు గూడ గట్లే అయితె నేను వచ్చి గీ షెడ్డుల కూసుంట. నాకు బువ్వ మీరే పెట్టాలె.”

నిరుడు పని చేసింది వేరే కాంట్రాక్టరు, మాకేం సంబంధమని సార్ ఫోనులోకి గొణిగాడు. అవతల ఎవరూ లేరని అందరికీ తెలుసు. ఆపా మాత్రం ఆ మట్టిని రెండు వేళ్ళతో నలిపింది, వాసన చూసింది, సీసాలో వేసి ఊపింది.

“మాదే అవ్వా” అంది.

రాజవ్వ గొడవకు సిద్ధమై వచ్చింది, ఆ మాటతో ఆమెకు పని లేకుండా పోయింది. బేసిన్ పక్కకు జరిపి, “మరి ఈ మందు కొడ్తున్నరట, నా నారుకు పడ్తదా బిడ్డా?” అని మెత్తగా అడిగింది. ఆపా వట్టిమాట చెప్పలేదు. రెండు కుండీల్లో రాజవ్వ విత్తనాలే అలికింది. ఒకదానికి మంచి నీళ్ళు, ఒకదానికి కట్ట మీద కొట్టే మందు నీళ్ళు. రాజవ్వ రోజూ మధ్యాహ్నం వచ్చి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుని రెండు కుండీలనూ చూసేది. మొలకలు రెండింట్లోనూ సమానంగా లేచాయి. ఎనిమిదో రోజున వెళ్ళి తన మడిలో నారు పోసింది. ఆ రోజే ఆపా మాట ఇచ్చింది. “అవ్వా, ఈసారి మా మట్టి నీ నారుమడిల వడదు. వడితె నా చేతులతోని నేనే ఎత్తిపోస్త.”

కట్టంతా మందు కొట్టడం సాగింది. సరిగ్గా నారుమడి పైన ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది, అక్కడ నీళ్ళ పైపు వేసే పని ఆలస్యమైంది. పైపు పూడ్చిన రోజున మంథని వైపు ఆకాశం నల్లబడింది. ఉన్న పొడి సరిగ్గా ఒక ట్యాంకరుకు వచ్చింది. మళ్ళీ సరుకు హైదరాబాదు నుంచి రావాలి, నాలుగు రోజులు. ఆపా తన చేతులతో చిటికెడు చిటికెడు కలిపి, ట్యాంకరు నింపించి, “జల్ది వో తమ్మీ, వాన రాకముందె ఆరాలె” అంది.

నేను జల్దీ పోయాను. ఎంత జల్దీ అంటే, దిగి వెనక్కి వెళ్ళి వాల్వు మీద చెయ్యి పెట్టడం దండగనిపించింది. సీటులోంచే తల బయటికి పెట్టి, “బంద్!” అని అరిచాను.

“సునా!” అంది ఆపా.

రెండో గేరు వేశాను. నా ఎడమ చెయ్యి దాని పని అది చేసుకుంది.

ఆ నీళ్ళు మట్టిని పట్టుకోవడమెంత నిజమో, తడిగా ఉన్నంతసేపు అడుగు నిలవనివ్వకపోవడమూ అంతే నిజం. అద్దంలో మొదట కిరణ్ సార్ కనిపించాడు. బైకు మెల్లగా ఒరిగింది, సార్ అంతకంటే మెల్లగా కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారి బైకును దాటిపోయాడు, చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. వెనక ఇద్దరు మేస్త్రీలు ఒకరినొకరు వాటేసుకుని గిరగిరా తిరుగుతున్నారు, విడిస్తే ఇద్దరూ పడతారు. రాజవ్వ బర్రె ఒక కాలు వేసింది, ఆలోచించింది, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పంపి రోడ్డు మధ్య కూలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు, సార్ ప్యాంటుకు తప్ప. నేను స్టీరింగు మీద పడి నవ్వుతున్నాను. ఇంత గమ్మత్తు ఎలా జరిగిందా అని నవ్వుతూనే చూపు పక్కకు తిప్పితే, లివరు కిందికి లాగి ఉంది.

నవ్వు అక్కడే ఆగింది. ట్యాంకరులో చుక్క లేదు. ఎదురుగా కట్ట మీద మందు పడని ముక్క, ఎర్రగా, కొట్టుకుపోవడానికి తయారుగా ఉంది. దాని కింద చాప పరిచినట్టు ఆకుపచ్చగా రాజవ్వ నారు.

షెడ్డు దాకా నడిచి వెళ్ళడానికి పట్టిన కాసేపట్లో నేను మూడు అబద్ధాలు తయారు చేసుకున్నాను. వాల్వు లీకైంది. లివరు తీగ తెగింది. ఎవరో తిప్పారు. మూడూ మంచివే, ఎవరూ పట్టుకోలేరు. ఆపా బల్ల దగ్గర నిలబడి అప్పటికే రోడ్డు మీది బర్రెను చూసింది, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక మూడు అబద్ధాలూ గొంతులోనే ఉండిపోయాయి.

“ఆపా, వాల్వు మీద చెయ్యి వెట్టలే.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. “బంద్ అన్నవ్ గదా?”

“అన్న.”

“నేను సునా అన్న.”

నేను నా ఎడమ చేతిని జేబులోకి దోపుకున్నాను.

“గనిల ఏముంటది సమ్మయ్యా? చీకటి. పక్కన మనిషి చేసింది కనవడది. వాడు చెప్పిన మాటే కనవడ్తది. దాన్ని నమ్మి మా నాయన అడుగు వేసేటోడు.” ఆమె తమ్మీ అనకుండా నన్ను పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్కసారే. నాకు జోకు వేద్దామని కూడా అనిపించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో నాకది కొత్త.

ఆపా ఒకసారి ఆకాశం వంక చూసింది. తరవాత మామూలు గొంతుతో అడిగింది. “నీ అత్తమ్మ ఎట్లున్నది?”

ఆమెకు మతి తప్పిందనుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి నడిపించింది. మూత తీసింది. మూడు వారాలుగా రోజూ కలుపుతున్నాను గానీ, దండాలూ తమాషాలూ తప్ప లోపలికి చూసిందెప్పుడు? ఒక్క చేప కన్ను కూడా లేదు. ఉండలన్నీ కరిగి, డ్రమ్ము అంచు దాకా ఒకే చిక్కటి నీళ్ళు. “వేలు వెట్టు” అంది. పెట్టి తీశాను. వేళ్ళ మధ్య దారం సాగింది, అచ్చం లేత బెండకాయ జిగురు.

“సగం సంచి గుమ్మరించినవ్ గదా, రెండు ట్యాంకర్ల బలమున్నది ఇందుల” అంది ఆపా. “సాలు తమ్మీ, ఇంక కలపకు.”

అయితే ట్యాంకరు కట్ట దాకా ఎక్కే దారి లేదు, ఆ దారిని నేనే నూనె రాసినట్టు చేశాను. ఇక మనుషులే దిక్కు. డ్రమ్ములోది బకెట్లకు తీసి, నీళ్ళు పోసి పలచన చేసి, దారి పక్క గడ్డి మీదుగా మోశాం. మేస్త్రీలు వచ్చారు, చిరిగిన ప్యాంటుకు టవలు చుట్టుకుని కిరణ్ సార్ వచ్చాడు. గొడవేమిటని రాజవ్వ వచ్చింది. ఆపా దాచలేదు, నీ మడి పైనదే మిగిలిందని చెప్పింది.

“ఎవలు చేసిన్రు?”

“నేనే అవ్వా” అన్నాను.

“నా బర్రెను కూసోవెట్టింది గూడ నువ్వేనా?”

“దానికి గూడ జర రెస్టు గావాలె గదా అవ్వా.”

తిడుతుందనుకున్నాను. ఆమె ఇంటికి వెళ్ళి పత్తి చేనుకు మందు కొట్టే చేతి పంపులు రెండు మోసుకొచ్చింది, ఒకటి తనది, ఒకటి పక్కింటివాళ్ళది. ఆపా వాటిని మూడుసార్లు కడిగించి, పాత పురుగుమందు వాసన లేదని ముక్కు పెట్టి చూసి, సన్న మూతి ఊడదీసి అప్పుడు నింపనిచ్చింది. ముందు తెల్లటి జిప్సం పొడి చల్లాం. నేనూ రాజవ్వా వీపున పంపులతో పక్కపక్కన పిచికారీ చేశాం. ఆమె నాకంటే వేగం. “జరుగు పిలగా, నీది పెండ్లి నడక” అని వరసలో నన్ను రెండుసార్లు దాటిపోయింది. వెనకే మేస్త్రీలు గడ్డి పరిచి తాళ్ళు లాగి మేకులు దించారు. ఆపా కట్ట కింద నిలబడి “ఎడమకు! గాడ తెల్లగ లేదు! అరే, గా మూల!” అని కేకలు. పొద్దు గుంకేసరికి అయిపోయింది. అందరం జిగురు చేతులతో చాయ్ తాగుతుంటే గ్లాసులు జారిపోతున్నాయి. ఎందుకో తెలియదు, దానికి కూడా అందరం పగలబడి నవ్వాం.

వాన మర్నాడు పొద్దున వచ్చింది, చెప్పి వచ్చినట్టు. నేను డ్యూటీకి చేరేసరికి ఆపా కట్ట కింద గొడుగు పట్టుకుని ఉంది, చేతిలో ఖాళీ షర్బతు సీసా. రాజవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకుని మడి గట్టు మీద నిలబడింది. నీళ్ళు కట్ట మీది నుంచి గడ్డి కింది నుంచి పాయలు పాయలుగా దిగాయి. ఆపా వంగి సీసా పట్టి, పైకెత్తి చూసింది. సీసా అవతల గోనెసంచి కింద రాజవ్వ మొహం, ముక్కుపుడకతో సహా కనిపించింది.

నేను గంతు వేయబోతుంటే రాజవ్వ మడి మూలకు వేలు చూపింది. పైపు పూడ్చిన గుంట అంచు నుంచి కొంచెం మట్టి జారి, నారులో రెండు చాటలంత మేర ఎర్రగా పరుచుకుంది. ఆపా గొడుగు నా చేతికిచ్చింది. గాజులు మోచేతికి తోసి రబ్బరు బ్యాండు వేసుకుంది. చెప్పులు విప్పి మడిలో దిగి, మొలకలు కదలకుండా వేళ్ళతో ఆ మట్టిని ఎత్తడం మొదలుపెట్టింది.

“ఏ బిడ్డా, లే! గంత మన్ను నా కోడి గెలికినా వడ్తది!” అంది రాజవ్వ.

“మాట ఇచ్చిన గద అవ్వా.”

“ఇస్తివి, అయిపాయె. లేస్తవా లేదా?”

లేవలేదు. చివరకు రాజవ్వే విసుక్కుంటూ వెళ్ళి బేసిన్ తెచ్చి పక్కన పెట్టింది, అదే బేసిన్. నేను గొడుగు గట్టు మీద పారేసి దిగాను. వెనకే కిరణ్ సార్ కొత్త ప్యాంటు మడిచి దిగాడు, ఫోను జేబులోనే ఉంది. వానలో ముగ్గురం వంగి మట్టి ఎత్తుతుంటే, రాజవ్వ ఆ గొడుగు తీసుకుని ఆపా నెత్తి మీద పట్టింది. “ఆమెకే వట్టినవ్, మేం మనుషులం గాదా?” అన్నాను. “నువ్వు తడువు, నీకు మంచిదే” అంది. బేసిన్ నిండాక ఆపా దాన్ని ఎత్తుకుని వెళ్ళబోతే రాజవ్వ కేక వేసింది. “మన్ను మీది, బేసిన్ నాది! ఇచ్చిపోన్రి!”

కట్ట దాకా ఎక్కే ఆ రోడ్డు సంగతి చెప్పాలి. ఆ ఏడు వానలకు చుట్టుపక్కల దారులన్నీ గండ్లు పడి కొట్టుకుపోతే, నేను తడిపిన ముక్క ఆరాక గట్టిపడి చాలా రోజులు చెక్కు చెదరలేదు. పెద్దసార్లు వచ్చి చూసి మెచ్చుకుంటే, కిరణ్ సార్ అది తాము కావాలని చేసిన ట్రయల్ అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆపా నావంక చూసి కళ్ళజోడు సవరించుకుంది. ఆమె నవ్వు ఆపుకోవడం నేను చూసిన సందర్భాల్లో అది గొప్పది.

ఇప్పుడు నాకు సొంతంగా పిచికారీ బండి ఉంది. పెద్దపల్లి నుంచి శ్రీరాంపూర్ దాకా ఎక్కడ పచ్చి మట్టి కట్ట లేచినా పిలుస్తారు. ఎనిమిదిలో బడి మానినవాడు ఇంజినీర్లకు జిప్సం గురించి చెబుతుంటే వాళ్ళు రాసుకుంటారు, అదొక తమాషా. ఆపా రిటైరై బెల్లంపల్లిలో కూతురి దగ్గర ఉంది. నెలకోసారి వెళ్తాను. వాళ్ళ పెరట్లో బెండ మొక్కలున్నాయి, వచ్చేటప్పుడు సంచి నిండా కాయలు పెడుతుంది. నా బండిలో ఎప్పుడూ రెండు వస్తువులుంటాయి. ఒకటి ఖాళీ షర్బతు సీసా. రెండోది మూత ఉన్న చిన్న డ్రమ్ము. ఎవడైనా పొడి గుమ్మరించి ఉండలు కట్టిస్తే అది అందులోకి పోతుంది. కలపాల్సింది కూడా వాడే, రోజుకు ఇరవై సార్లు. వాడు డ్రమ్ముకు ఏ పేరు పెట్టుకున్నా నేనేమీ అనను.

మొన్న ఆదివారం కాయలు కోయడం పూర్తి చేసి, జిగురు చేతులు కడుక్కుని నల్లా కట్టేశాను. అలవాటు చొప్పున నోరు తనంతట తానే పలికింది.

“బంద్!”

పొయ్యి దగ్గర నుంచి స్వరూప తిరిగి చూడలేదు. “చెయ్యి వెట్టి చూసినవా?” అంది.

మళ్ళీ వెళ్ళి నల్లా మీద చెయ్యి పెట్టాను. గట్టిగా తిప్పాను. చుక్క రాలేదు.

“చూసిన.”

“సునా” అంది.